నేను సంతకం పెట్టని లెక్క

లెక్కల మాస్టర్లుగా చేరబోతున్నామని, ఏమైనా చెప్పమని ఈమధ్య ఇద్దరు ముగ్గురు వచ్చి అడిగారు. మర్యాద కోసం నాలుగు మంచి మాటలు చెప్పి, టీ ఇప్పించి పంపాను. ఆ మాటలన్నీ ఉత్తివే. అసలు చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

విశాఖపట్నంలో ముప్పై మూడేళ్లు సర్కారు హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను. మొదట గాజువాక వైపు, తర్వాత పాత ఊళ్లో, మళ్లీ గాజువాకలో. రిటైరయ్యాక ఇంకో ఆరేళ్లు దువ్వాడ స్టేషనుకి దగ్గర్లో ఒక కోచింగ్ సెంటర్లో చెప్పాను. ప్రమోషన్లు, బదిలీలు, సర్వీసు రిజిస్టరు గొడవలు రాయను. అవి అందరికీ ఒకటే. నేను నేర్పాలనుకున్నది ఒక్కటే: తెలియని సంఖ్యను ఊహించి పట్టుకోవద్దు, దానికో పేరు పెట్టి, అది తనంతట తాను బయటపడేదాకా ఓపిక పట్టండి అని. ఇన్నేళ్లలో ఆ ఒక్కటీ ఎంతమందికి పట్టిందని చూసుకుంటే ఒక చేతి వేళ్లు కూడా నిండవు. ఆ కొద్దిమందిలో అందరికంటే బాగా నేర్చుకున్న పిల్ల ఒకతె ఉంది. ఆమెకి నేనేం చేశానో చెప్పడానికే ఇదంతా.

మూడేం పాపం చేసింది

నా మొదటి స్కూల్లో హెడ్మాస్టరు గారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కడుపు నొప్పి ఉన్నవాడిలా ముఖం పెట్టుకుని ఉండేవారు. చేరిన నెలలోనే నా క్లాసుకొచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. నేను హుషారుగా బోర్డు మీద ఒక పొడుపు లెక్క రాశాను. ఒక సంఖ్యను దానితోనే గుణిస్తే వచ్చేది, ఆ సంఖ్యకి అయిదు రెట్లలోంచి ఆరు తీసేస్తే వచ్చేదానికి సమానం. ఆ సంఖ్య ఏది?

పిల్లలు ఒకటి పెట్టి చూశారు, కుదరలేదు. రెండు పెట్టారు. రెండు రెళ్లు నాలుగు. అయిదు రెళ్లు పదిలోంచి ఆరు తీస్తే నాలుగు. కుదిరింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ సంతోషించి బోర్డు తుడవబోయాను.

హెడ్మాస్టరు గారు వెనకనుంచి అడిగారు. "మాస్టారూ, మూడేం పాపం చేసింది?"

నాకు అర్థం కాలేదు. పిల్లలకి ముందే అర్థమైంది. మూడు మూళ్లు తొమ్మిది. అయిదు మూళ్లు పదిహేనులోంచి ఆరు తీస్తే తొమ్మిది. అదీ కుదిరింది. దొరికిన చోట ఆగిపోయాం కాబట్టి రెండో జవాబు మాకు కనపడలేదు. పిల్లల ముందు తల కొట్టేసినట్టయింది.

క్లాసయ్యాక వరండాలో నన్ను ఆపి ఆయన చెప్పింది ఇంతే. "పెట్టి చూస్తే జవాబు దొరుకుతుంది. కానీ ఇంకోటి ఉందో లేదో తెలీదు, అసలు జవాబే లేకపోతే అదీ తెలీదు. మీరు చెప్పాల్సింది ఆ తెలియడం. జవాబుల కోసం అయితే పిల్లలకి మీరెందుకు?" నా ఉద్యోగం ఏమిటో నాకు తెలిసింది ఆ రోజే. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడాయన ఎదురుపడితే నాకు ముఖం చెల్లదు.

ఎర్ర సంతకం

అప్పట్నుంచి నేనొక అలవాటు చేసుకున్నాను. నోట్సు దిద్దేటప్పుడు జవాబు చూసేవాణ్ణి కాదు. ప్రతి స్టెప్పు పక్కన, అది సరైనదైతే, ఎర్ర పెన్నుతో పొట్టి సంతకం పెట్టేవాణ్ణి. తప్పు స్టెప్పుకి ఇంటూ కొట్టేవాణ్ణి కాదు, తప్పని రాసేవాణ్ణీ కాదు. సంతకం ఎక్కడ ఆగిపోయిందో అక్కడ తప్పుంది, వెతుక్కోండి అని చెప్పేవాణ్ణి. వారం తిరక్కుండా పిల్లలకి ఇది ఆటయిపోయేది. "నాకు నాలుగు సంతకాలు", "నాకు మూడో దగ్గర ఆగిపోయింది" అని చూపించుకునేవారు.

పెద్దవాళ్లకి మాత్రం నచ్చేది కాదు. షిఫ్టు దిగి, యూనిఫారంతోనే స్కూలుకొచ్చిన ఒక తండ్రితో జరిగింది ఇప్పటికీ గుర్తుంది. కొడుకు పేపరు నా బల్ల మీద పరిచి, జవాబు మీద వేలు పెట్టాడు.

"ఏటి మాస్టారూ, జవాబు కరెట్టే కదా. మార్కులెందుకెయ్యనేదు?"

"ఎలా తెచ్చాడో రాయలేదండి."

"ఎలగ తెత్తే ఏటి? బస్సెక్కినా ఆటో ఎక్కినా డూటీకెల్తే సరి కదా."

"మీవాడు కళ్లు మూసుకుని నడిచి వెళ్లాడండి. ఈసారికి చేరాడు."

ఆయన నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. మార్కులు వేయించుకునే వెళ్లాడు. హెడ్మాస్టరు మారిపోయారు కాబట్టి నేనూ వేశాను. ఇలాంటివి లెక్కపెట్టుకుంటే నేను వంగిన చోట్లు బోలెడు. చిన్న చిన్నగా వంగితే నడుము అలవాటు పడిపోతుందని అప్పుడు తెలియలేదు.

నస్రీన్

పాత ఊళ్లోని స్కూల్లో నస్రీన్ నాకు తొమ్మిదీ పదీ చదివింది. వాళ్ల నాన్న దర్జీ. రెండు కుట్టు మిషన్లున్న కొట్టు. పిల్ల వేళ్లకి ఎప్పుడూ బట్ట మీద గీసే సుద్ద అంటుకుని ఉండేది.

ఒకరోజు క్లాసులో అందర్నీ తలొక రెండంకెల సంఖ్య రాసి, అంకెలు తిరగేసి, పెద్దదాన్లోంచి చిన్నది తీసేయమన్నాను. ఇరవై ఏడన్నారు, నలభై అయిదన్నారు, తొమ్మిదన్నారు. అన్నీ తొమ్మిదో ఎక్కంలోవే. పిల్లలు మురిసిపోయి ఇంకో పది సంఖ్యలు చూశారు. పదీ అంతే.

"పదకొండోది రాకపోతే?" అన్నాను.

నస్రీన్ లేచి నిలబడింది. "అన్నిట్నీ ఒకేపాలి చూసీడానికి అవదేటి సార్?"

బీజగణితం అంటే ఏమిటని నన్ను ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఆ ప్రశ్నే చెబుతాను. ఆమెను బోర్డు దగ్గరికి పిలిచాను. పదుల చోట x, ఒకట్ల చోట y అనుకుందాం అని రాసింది. తర్వాత సంఖ్యని xy అని రాసింది. నేను సంతకం పెట్టలేదు. కాసేపు ఆ రెండక్షరాల వంకే చూస్తూ తనలో తాను గొణుక్కుంది.

"అరవై మూడంటే ఆరూ మూడూ కాదు కదా. ఆరు పదులూ, మూడూ."

చెరిపేసి 10x + y అని రాసింది. తిరగేసింది 10y + x. తీసేస్తే 9x − 9y. సుద్దముక్క అక్కడే ఆపి నా వైపు తిరిగింది.

"తొమ్మిది బయటికొచ్చీసింది సార్. ఇంక ఎవులు ఎన్ని తిప్పినా తొమ్మిదో ఎక్కం దాటి రాదు."

బోర్డు మీదే, ఎర్ర సుద్దతో, స్టెప్పు స్టెప్పుకీ సంతకం పెట్టాను. అప్పుడు గొప్పగా ఒక మాట కూడా అన్నాను. "రుజువు చేతిలో ఉంటే ఎంత పెద్దవాడు కాదన్నా భయపడక్కర్లేదమ్మా." ఆ మాట అన్నవాణ్ణి నేనే. దయచేసి గుర్తుపెట్టుకోండి.

దగ్గర్లో ఉన్నది కొట్టీ

రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేకపోయాను. గాజువాకలో నా దగ్గర చదివిన రమణ దువ్వాడలో కోచింగ్ సెంటరు పెట్టాడు. కంపెనీల్లో ఉద్యోగాలకి పెట్టే రాత పరీక్షలకి పిల్లల్ని తయారుచేస్తాడు. రమ్మన్నాడు, వెళ్లాను.

రమణ చెడ్డవాడు కాదు. తెలివైనవాడు. కానీ అతని చదువంతా ఒక్క మాటలో ఉంది. నాలుగు ఆప్షన్లు ఇస్తారు, వాటిని ఒక్కొక్కటీ లెక్కలో పెట్టి చూడు, ఏది కుదిరితే దానికి టిక్కు పెట్టు. ఏదీ కుదరకపోతే దగ్గర్లో ఉన్నది కొట్టు. బోర్డు దగ్గర నిలబడి అదే అరిచేవాడు. "టైమ్ లేదు, ఆలోచించకండి, దగ్గర్లో ఉన్నది కొట్టీండి."

పొద్దున నేను "అనుకుందాం" అని మొదలుపెట్టి చెప్పేవాణ్ణి. మధ్యాహ్నం రమణ వచ్చి అదే లెక్క ఆప్షన్లతో పది సెకన్లలో తేల్చేవాడు. పిల్లలు ఎవరి మాట వింటారు? నా క్లాసులో వెనక బెంచీలు ఖాళీ అవుతూ వచ్చాయి. అయినా మానలేదు. మాస్టారూ అని పిలిచేవాళ్లుంటే చాలు అనిపించే వయసు అది.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం నస్రీన్ వచ్చింది. ఇరవై ఏడేళ్లు నిండాయి. డిగ్రీ చేసింది, పరవాడలో ఒక ల్యాబులో కాంట్రాక్టు పని చేసింది, వాళ్లమ్మ జబ్బున పడితే మానేసింది. వాళ్లమ్మ పోయింది. నాన్నకి కళ్లు మసకబారాయి.

"గుర్తున్నానేటి సార్?"

"తొమ్మిది బయటికొచ్చీసింది అన్న పిల్లవి కదూ."

నవ్వింది. ఆ తర్వాత చెప్పింది. అచ్యుతాపురం వైపు ఒక కంపెనీ ల్యాబులో పర్మనెంటు ఉద్యోగాలు పడ్డాయి. ఇరవై ఎనిమిది దాటితే తీసుకోరు. "ఈ ఒక్కపాలే సార్. తరవాత ఏజ్ దాటిపోద్ది. వొచ్చీసిందంటే అబ్బాని మిషన్ మీంచి లేపీవొచ్చు. సూదిలోకి దారం ఎక్కించడానికి కూడా కనపడ్డం లేదు ఆయనకి."

మళ్లీ నా ముందు బెంచీలో కూర్చుంది. అందరూ ఆప్షన్లు పెట్టి చూస్తుంటే ఆమె ఒక్కతే ఆప్షన్లని చేత్తో కప్పి లెక్క చేసేది. వేగంగా చేసేది కూడా. ఆమె నోట్సులో సంతకాలు పెడుతుంటే నా పాత రోజులు తిరిగొచ్చినట్టుండేది. ఆ బ్యాచిలోనే అప్పలరాజు అని సబ్బవరం వైపు రైతుల కుర్రాడు ఒకడుండేవాడు. కష్టజీవి, మంచివాడు, x అంటే హడలు. రమణ పద్ధతి వాడికి ప్రాణం.

ఇరవై

పరీక్ష ఆదివారం జరిగింది. ప్రశ్నపత్రం ఇంటికి ఇచ్చేశారు. రెండ్రోజుల్లో కంపెనీ గేటు దగ్గర జవాబులూ మార్కులూ అంటించారు. ఏదైనా ప్రశ్న మీద అభ్యంతరం ఉంటే మూడు రోజుల్లోపు రాసి ఆఫీసులో ఇవ్వమన్నారు.

అందులో ఒక ప్రశ్న ఇది. ఒక రెండంకెల సంఖ్యలో అంకెల మొత్తం పది. అంకెలు తిరగేస్తే వచ్చే సంఖ్య అసలు దానికంటే ఇరవై తక్కువ. ఆ సంఖ్య ఏది? ఆప్షన్లు అరవై నాలుగు, డెబ్బై మూడు, ఎనభై రెండు, తొంభై ఒకటి.

చదవగానే మీకు తెలిసిపోయి ఉండాలి. తిరగేస్తే వచ్చే తేడా తొమ్మిదో ఎక్కంలోనే ఉంటుంది. ఇరవై తొమ్మిదో ఎక్కంలో లేదు. ఆ నాలుగు ఆప్షన్లే కాదు, ప్రపంచంలో ఏ రెండంకెల సంఖ్యా దీనికి జవాబు కాదు. పద్దెనిమిది అనబోయి ఇరవై అని అచ్చేసినట్టున్నారు. కంపెనీ వాళ్లు మాత్రం అరవై నాలుగే జవాబని అంటించారు.

అప్పలరాజు అరవై నాలుగు పెట్టాడు. నేనడిగితే దాచకుండా చెప్పాడు. "పెట్టి సూసినాను సార్. పద్దెనిమిదొచ్చింది. ఇరవైకి అదే దగ్గర. కొట్టీసినాను." నస్రీన్ ఖాళీగా వదిలేసింది. తప్పు జవాబుకి మార్కు కోస్తారు, సరైన జవాబు లేదని ఆమెకి తెలుసు, ఇంకేం చేస్తుంది?

అప్పలరాజు ఎంపికైన వాళ్లలో ఆఖరివాడు. నస్రీన్‌కి ఒక్క మార్కు తక్కువ. ఆ ప్రశ్న తీసేస్తే ఇద్దరూ సమానం అవుతారు. సమానమైతే వయసులో పెద్దవాళ్లకిస్తామని నోటీసులోనే ఉంది. నస్రీన్ వాడికంటే పెద్దది.

మూడు రోజులు

మొదటి రోజు నస్రీన్ సెంటరుకి ఒక కాగితం తెచ్చింది. పైన అభ్యంతరం అని, కింద అయిదు స్టెప్పులు. అనుకుందాం అనే మాటతో మొదలై, కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు లేదు అనే మాటతో ముగిసింది.

"నానొక్కదాన్నే రాత్తే ఆఫీసోళ్లు చదవరు సార్. ఓర్చుకోనేక రాసిందనుకుంటారు. లెక్కల మాస్టారు సంతకం కింద ఉంటే చదువుతారు. మీరు పెట్టండి సార్."

చూడటానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. అయిదు స్టెప్పులూ ముత్యాల్లా ఉన్నాయి. ఎర్ర పెన్ను నా జేబులోనే ఉంది. గుమ్మం దగ్గర రమణ నిలబడి చూస్తున్నాడు. "ఉంచమ్మా, నిదానంగా చూసి రేపిస్తాను" అన్నాను.

ఆమె వెళ్లాక రమణ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. "గురువు గారూ, ఆ పిల్ల మన సెంటరే, ఆడూ మన సెంటరే. మనకి పోయిందేటి లేదు. గానీ ఆడి ఫోటోతో ఫ్లెక్సీ కట్టీసాం. ఊళ్లో ఆళ్ల నాన్న అందరికీ చెప్పీసుకున్నాడు. ఇప్పుడు మీ సంతకంతో ఆడి నోటికాడ కూడు లాగీడం బాగుంటదా? మన సెంటరు మాస్టారే మన కుర్రోణ్ణి దించీసాడంటే రేపు ఎవులొత్తారు?"

"లెక్కకి జవాబు లేదురా."

"లేదని నాకూ తెలుసండి. మీరు చెప్పిన చదువే కదా. నోరు మూసుకోమంటన్నాను, అంతే."

రెండో రోజు నస్రీన్ మళ్లీ వచ్చింది. ఇంకొకసారి చూడాలన్నాను. "ఏ స్టెప్పు సార్?" అని అడిగింది. మొత్తం చూసి చెబుతానన్నాను. ఆమె ముఖంలో అనుమానం నా మీద కాదు, కాగితం మీద. బెంచీ మీద కూర్చుని, నోట్సులో ఉన్న తన లెక్క మళ్లీ మొదట్నుంచి చదువుకోవడం మొదలుపెట్టింది.

మూడో రోజు పొద్దున అప్పలరాజు వాళ్ల నాన్నని తీసుకుని మా ఇంటికొచ్చాడు. మిఠాయి పొట్లం తెచ్చాడు. ఆ పెద్దాయన కుర్చీలో కూర్చోనని గడపలోనే నిలబడ్డాడు. "మీ సలవే బాబూ. ఆడికి సదువబ్బదనుకున్నాం." మిఠాయి నాకు తినిపించి వెళ్లారు.

మధ్యాహ్నం గేటు చప్పుడైంది. కిటికీలోంచి చూశాను, నస్రీన్. మంచం మీద పడుకుని దుప్పటి లాక్కున్నాను. "జ్వరమని చెప్పు" అన్నాను మా ఆవిడతో. ఆవిడ నన్నొకసారి ఎగాదిగా చూసి బయటికెళ్లింది. గోడ పక్కనే మాటలు. ప్రతి మాటా వినపడింది.

"ఆయనకి జొరమమ్మా. లెగలేకపోతన్నారు."

"అయ్యో. అలాగైతే లేపకండి మేడమ్." కాగితం విప్పిన చప్పుడైంది. మళ్లీ నస్రీన్ గొంతే. "సార్ సంతకం పెట్టనేదంటే ఎక్కడో స్టెప్పు తప్పుంటాది. రేత్రంతా వెతికినాను, నాకు దొరకనేదు. ఈ కాగితం ఇంకోటి మంచిగా రాసి తెచ్చినాను. నెమ్మదించాక తప్పెక్కడుందో చూసి పెట్టమనండి. కంగారేటి లేదు."

"ఆఫీసులో ఇచ్చీడానికి ఇయ్యాలే ఆకరంట కదమ్మా?"

"తప్పు లెక్క తీసుకెళ్లి ఎలాగిత్తాను మేడమ్?"

గేటు మూసిన చప్పుడైంది. నేను లేవలేదు. లేచి, చెప్పులేసుకుని, వీధి మలుపులో ఆమెను పిలిచి ఉంటే సరిపోయేది. ఆఫీసు మూయడానికి ఇంకా మూడు గంటల టైముంది. నిజంగానే జ్వరమొచ్చినవాడిలా దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

ఆమె అభ్యంతరం ఎక్కడా ఇవ్వలేదు. ఆ నెలాఖరుకి ఇరవై ఎనిమిది దాటాయి.

నేను చెప్పుకున్న సాకులు

సాకులకి నాకేం కొదవ లేదు. అప్పలరాజూ నా పిల్లవాడే కదా అనుకున్నాను. ఇద్దరిలో ఒకరికి అన్యాయం జరిగి తీరుతుంది, మధ్యలో నేనెందుకు అనుకున్నాను. సంతకం పెట్టినా కంపెనీ వాళ్లు చెత్తబుట్టలో వేసేవారేమో అనుకున్నాను. వేసేవారేమో కూడా. ఎప్పటికీ తెలియదు.

అవన్నీ అబద్ధాలు. నన్నెవరూ ఇద్దరు పిల్లల్లో ఒకర్ని ఎంచుకోమనలేదు. ఆ లెక్కకి జవాబుందా లేదా, అంతే అడిగారు. అది చెప్పడానికే ముప్పై తొమ్మిదేళ్లు జీతం తీసుకున్నాను. ఆమెకి ఉద్యోగం రాకపోతే రాకపోయేది, అది కంపెనీ చేసే పని. నేను చేసింది అంతకంటే నీచం. సంతకం లేదంటే స్టెప్పు తప్పని ఆ పిల్లకి నేర్పింది నేనే. ఆ అలవాటుతోనే ఆమె చేతిలోని రుజువుని ఆమె చేతే పారేయించాను. కాదు పొమ్మని ఉంటే నన్ను తిట్టుకునేది, కాగితం ఒక్కతే తీసుకెళ్లి ఇచ్చేది.

ఆ ఏడాదే సెంటరు మానేశాను. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు. ఇప్పుడు ఆప్షన్లు పెట్టి చూసే ఓపిక కూడా ఎవరికీ లేదు. ఫోనుతో లెక్కని ఫోటో తీస్తే జవాబు వస్తోంది, స్టెప్పులతో సహా. ఆ స్టెప్పులు ఎవరూ చదవరు. ఈ ఉద్యోగంలోకి వస్తున్నవాళ్లకి ధైర్యం చెప్పాలని ఉంది గానీ, నా దగ్గర లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. సంతకం పెట్టాల్సిన రోజు ఒకటొస్తుంది. అది పరీక్షలా రాదు, ఎదుట నిలబడ్డ మనిషిలా వస్తుంది. ఆ రోజు మీరూ నాలాగే పడుకుంటారని నా భయం.

జ్వరం

అయిదేళ్లు గడిచాయి. మొన్న మా ఆవిడ అలమర సర్దుతూ ఆ కాగితం తీసింది. నస్రీన్ మంచిగా రాసి తెచ్చిన రెండోది. నా ముందు పెట్టి అడిగింది.

"మీ జొరం ఇంకా తగ్గనేదేటి?"

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి పాత ఊరు వెళ్లాను.

కొట్టు అక్కడే ఉంది. ఒక మిషను మూల మూతేసి ఉంది. రెండోదాని ముందు నస్రీన్ కూర్చుని ఏదో ఫ్యాక్టరీ యూనిఫారాలు కుడుతోంది. వాళ్ల నాన్న గోడకి ఆనుకుని కూర్చుని చేత్తో తడిమి గుండీలు ఏరుతున్నాడు. నన్ను చూడగానే నస్రీన్ లేచింది.

"రండి సార్, కూకోండి. ఒంట్లో బాగుంటందా? " అని, నాన్న వైపు తిరిగింది. "అబ్బా, మా లెక్కల సార్."

ఆయన చేతులు జోడించిన దిక్కు నేనున్న దిక్కు కాదు. స్టూలు మీద కూర్చున్నాను. ఇంకా లెక్కలు చేస్తున్నావా అని అడిగాను. అడగకూడని మాట.

"లేదు సార్. అక్క పిల్లలు అడిగితే ఆప్షన్లు పెట్టి చూసుకోమంటాను. నాకే నమ్మకం పోయినప్పుడు ఆళ్లకేటి చెప్తాను?"

కాగితం తీసి బట్టలు కత్తిరించే బల్ల మీద పరిచాను. ఆమె గుర్తుపట్టింది. ముఖం విప్పారింది.

"దొరికిందా సార్? ఏ స్టెప్పులో ఉంది తప్పు?"

ఎర్ర పెన్ను తీసి మొదటి స్టెప్పు పక్కన సంతకం పెట్టాను. రెండో దాని పక్కన పెట్టాను. ఆమె వంగి, ఎక్కడ ఆగుతానా అని చూస్తోంది. మూడు. నాలుగు. అయిదో సంతకం పెట్టేసరికి ఆమె తల ఎత్తింది.

"తప్పు లేదమ్మా" అన్నాను. "ఆ రోజు నాకు జ్వరం కూడా లేదు."

వాళ్ల నాన్న గుండీలు ఏరడం ఆపాడు. నస్రీన్ కాగితం చేతిలోకి తీసుకుని అయిదు సంతకాలూ ఒక్కొక్కటే చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. ఆమె కాగితం నాలుగు మడతలు పెట్టి నా చేతిలోనే పెట్టేసింది.

"ఇన్నాళ్లూ తప్పు నాదేననుకున్నాను సార్" అంది. మిషను ముందు కూర్చుని, సూది కిందికి బట్ట సర్దుకుంది. "నాదైతేనే బాగుణ్ణు."

మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.